పడవకు ఎన్ని గుఱ్ఱాలు కావలె?

ఇంధనపు పొదుపును గురించిన ఒక కరదీపికపై విమర్శ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అనగానే మనకు వరి పొలాలు, రైసుమిల్లులు, హైదరాబాదు–విజయవాడ రహదారి జ్ఞప్తికి వస్తాయి. పడవలు జ్ఞప్తికి రావు. అయినా ఒకసారి పటము ముందుపెట్టుకొని చూడండి. మిర్యాలగూడకు నైరుతిలో 1967లో కాలువలకు నీరు వదలిన నాగార్జునసాగరము. కోదాడకు దక్షిణాన 2013లో ప్రారంభమైన పులిచింతల వెనుకజలములు. సూర్యాపేటకు చేరువలో సోలిపేట దగ్గర, 1963 నాటికి కట్టడము ముగిసిన మూసీ జలాశయము. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. ఇవిగాక పెద్దదేవులపల్లి జలాశయము, కోదాడ పెద్ద చెరువు, సూర్యాపేట సద్దుల చెరువు. మెట్ట సీమ అని పేరుపడిన ఈ నేలమీద వేట పడవకు కావలసినంత నీరు ఉన్నది.

ఈ నీటి ఒడ్డున ఒక మాట తరచు వినవచ్చును.

“కాకా, పది ఇంజను తీసి పదిహేను పెడితే ఎట్లుంటది?”

“ఉరుకుతది బిడ్డా. పెట్రోలు ఎవడు పోస్తడు?”

ప్రశ్నలోనూ, జవాబులోనూ ఒక నమ్మకము దాగి ఉన్నది. యంత్రపు బలము పెరిగితే పడవ వేగము ఆ మేరకు పెరుగుతుందనేదే ఆ నమ్మకము. కొడుకు దానిని ఆశతో నమ్ముతున్నాడు, కాక దిగులుతో నమ్ముతున్నాడు. ఇది ఎంతవరకు నిజము? దీనికి శాస్త్రీయముగా సమాధానము చెప్పే పుస్తకము ఒకటి ఉన్నది. దాని గుణదోషాలను మన నీటిమీద నిలబడి పరిశీలించడమే ఈ వ్యాసపు ఉద్దేశము.

పుస్తకము

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో రోము నగరము నుండి ‘చిన్న చేపల పడవలలో ఇంధనపు పొదుపు’ అనే అర్థమిచ్చే పేరుతో ఇంగ్లీషులో ఒక కరదీపికను వెలువరించింది. రచయిత నార్వే దేశపు నౌకాశిల్పి ఓయ్‌వింద్ గుల్‌బ్రాన్‌సెన్. ఆయన మనకు పరాయివాడు కాదు. 1979లో చెన్నై కేంద్రముగా ప్రారంభమైన బంగాళాఖాత కార్యక్రమములో పనిచేసి, మన తూర్పు తీరపు పడవలను దగ్గరగా చూసినవాడు. ఇదే విషయముపై 1986లోనే ఆ కార్యక్రమము తరఫున ఒక చిన్న పుస్తకము వ్రాసినాడు. 2012 నాటి కరదీపిక ఆ అనుభవమంతటికీ పండిన ఫలము.

16 మీటర్ల లోపు పొడవుండి, 10 నాట్లకు లోబడి, అనగా గంటకు సుమారు 18.5 కిలోమీటర్ల లోపు వేగముతో నడిచే పడవలకే ఈ పుస్తకము పరిమితము. ఉన్న పడవలో ఖర్చు తగ్గించుకొనే మార్గాలు మొదట చెప్పి, కొత్త పడవకు యంత్రమును, ప్రొపెల్లరును, అడుగు ఆకారమును ఎట్లా ఎన్నుకోవలెనో తరువాత చెబుతుంది. వేగము తగ్గించుకోవడము, పడవ అడుగును పాచి పట్టకుండా ఉంచుకోవడము, యంత్రమును శుభ్రముగా నడుపుకోవడము, వేట పద్ధతి మార్చుకోవడము – మొదటి భాగపు సారము ఇంతే. వీటిలో మొదటిదే అన్నింటికీ తల్లి. దానిని మనము కొంచెము విపులముగా చూడవలె.

పడవ తన అలలో తానే చిక్కుకోవడము

నీటిని చీల్చుకొని పోయే పడవ ముందు ఒక అలను, వెనుక మరొక అలను లేపుతుంది. అల వేగమునకూ దాని పొడవునకూ ప్రకృతిలో ఒక బంధము ఉన్నది. వేగము పెరిగితే అల పొడవు ఆ వేగపు వర్గము ననుసరించి పెరుగుతుంది. సెకనుకు 3 మీటర్లు, అనగా గంటకు సుమారు 11 కిలోమీటర్ల వేగముతో పోయే అల పొడవు దాదాపు 5.8 మీటర్లు, అనగా 19 అడుగులు. పడవ కూడా 19 అడుగులే అయితే, దాని అణియము ఒక అల శిఖరముపైన, అమరము తరువాతి శిఖరముపైన ఉంటాయి. నడుమ పడవ తాను తవ్వుకొన్న పల్లములో కూర్చుంటుంది. ఇంకా వేగముగా పోవలెనంటే అల మరింత పొడవై, అమరము పల్లములోకి దిగి, పడవ ఎదురుగా ఉన్న నీటిగుట్టను ఎక్కవలసి వస్తుంది. ఎద్దులబండి చక్రము గుంతలో పడినప్పుడు ఎద్దులు ఎంత లాగినా బండి గింజుకొనడమే తప్ప కదలనట్లే ఇదీను.

ఈ రహస్యమును పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండులో విలియమ్ ఫ్రూడ్ అనే ఇంజనీరు నీటి తొట్టిలో చిన్న నమూనా పడవలను లాగి చూసి తేల్చినాడు. ఆయన పరిశోధనల నుండి వాడుకలోకి వచ్చిన స్థూల సూత్రము ఇది: నీటికి తగిలే పడవ పొడవును అడుగులలో తీసుకొని, దాని వర్గమూలమును 1.34తో గుణిస్తే, అలవోకగా పోగల గరిష్ఠ వేగము నాట్లలో వస్తుంది. 16 అడుగుల పడవకు ఇది 5.4 నాట్లు, అనగా సుమారు 10 కిలోమీటర్లు. 20 అడుగుల పడవకు 6 నాట్లు, అనగా 11 కిలోమీటర్లు. 25 అడుగుల పడవకు 6.7 నాట్లు, అనగా 12.4 కిలోమీటర్లు. ఈ లెక్కలో యంత్రము మాట ఎక్కడా లేదు. పడవ పొడవే దాని వేగమును నిర్ణయించింది.

ఈ హద్దుకు లోపల కూడా బలమునకూ వేగమునకూ ఉన్న సంబంధము సూటిది కాదు. స్థూలముగా, కావలసిన బలము వేగపు ఘనమును అనుసరిస్తుంది. రెండింతలు వేగము కావలెనంటే ఎనిమిదింతలు బలము కావలె. హద్దును సమీపించేకొద్దీ ఇంకా ఎక్కువ కావలె. తిరగేసి చెప్పితే, వేగమును నూటికి 10 పాళ్ళు తగ్గిస్తే బలము నూటికి 27 పాళ్ళు తగ్గుతుంది. ప్రయాణ కాలము కొంచెము పెరిగినా, అదే దూరమునకు ఇంధనము సుమారు 19 పాళ్ళు మిగులుతుంది.

పది, పదిహేను – ఒక లెక్క

ఇప్పుడు ఒడ్డున వినిపించిన ప్రశ్నకు వద్దాము. 10 గుఱ్ఱపు బలపు యంత్రముతో పడవ గంటకు 10 కిలోమీటర్లు పోతున్నదనుకొందాము. వల 8 కిలోమీటర్ల దూరములో ఉన్నది. పోవడానికి 48 నిమిషాలు. పాత రకపు రెండు స్ట్రోకుల పెట్రోలు యంత్రము గుఱ్ఱపు బలమునకు గంటకు సుమారు 0.45 లీటరు త్రాగుతుందని తీసుకొంటే, 3.6 లీటర్లు ఖర్చు.

దాని స్థానములో అదే రకపు 15 పెట్టినాము. బలము ఒకటిన్నర రెట్లు అయినది. ఘనమూలము తీస్తే వేగము నూటికి 15 పాళ్ళు మించి పెరగదు, అనగా గంటకు 11.5 కిలోమీటర్లు. ఇది అల అడ్డు రాని పక్షములో. ఇప్పుడు ప్రయాణము 42 నిమిషాలు, ఖర్చు 4.7 లీటర్లు. ఆరు నిమిషాల కోసము లీటరుకు పైగా పెట్రోలు! రానుపోను కలిపితే 12 నిమిషాలకు రెండు లీటర్ల పైచిలుకు. అదే పాత యంత్రముతో పిడిని కొంచెము తగ్గించి గంటకు 9 కిలోమీటర్లు నడిపినట్లయితే, అయిదు నిమిషాలు ఆలస్యము, ముప్పాతిక లీటరుకు దగ్గరగా ఆదా.

ఇది కాగితముమీది లెక్క, నిజమే. తక్కువ పిడిలో యంత్రపు గుణము కొంత మారుతుంది. కాని లెక్క చూపించే దిక్కు మారదు. గుల్‌బ్రాన్‌సెన్ పుస్తకములోని మొదటి గొప్పతనము ఈ దిక్కును మొగమాటము లేకుండా చూపించడము. యంత్రాలు అమ్మేవారికి రుచించని మాటను మొదటి సలహాగా పెట్టడానికి ధైర్యము కావలె.

మరచిపోయిన పంకా

పుస్తకములో రెండవ గొప్పతనము ప్రొపెల్లరును గురించిన భాగము. మన ఒడ్డున యంత్రము పేరు, బలము, ధర అందరూ చెప్పగలరు. ప్రొపెల్లరు కొలత అడిగితే చాలామంది డబ్బాలో వచ్చినదే అంటారు. చిక్కు అంతా అక్కడే.

ప్రొపెల్లరు నీటిని వెనుకకు నెట్టి పడవను ముందుకు నెడుతుంది. తక్కువ నీటిని వేగముగా చిమ్మడము కంటె ఎక్కువ నీటిని మెల్లగా నెట్టడములో బలము వృథా తక్కువ. కావున బరువైన, మెల్లగా నడిచే పడవకు పెద్ద వ్యాసము, నెమ్మదైన తిరుగుడు మంచిది. కాని పడవ వెనుక తగిలించే మోటారులు చాలావరకు తేలికైన, వేగపు పడవలను దృష్టిలో పెట్టుకొని చేసినవి. వాటి ప్రొపెల్లరు చిన్నది, తిరుగుడు ఎక్కువ. వలలు, మంచు డబ్బాలు, నలుగురు మనుషులు ఎక్కిన పడవకు దానిని తగిలించడము, లారీకి స్కూటరు గేరు వేసినట్లు.

ప్రొపెల్లరుకు రెండు కొలతలు ఉంటాయి. ఒకటి వ్యాసము. రెండవది పిచ్, అనగా ఒక చుట్టు తిరిగితే, మరచీల చెక్కలోకి దిగినట్లు, సిద్ధాంతరీత్యా ఎంత ముందుకు పోవలెనో ఆ దూరము. పిచ్ ఒక అంగుళము తగ్గిస్తే యంత్రము నిమిషానికి సుమారు 150 నుండి 200 చుట్లు ఎక్కువ తిరుగుతుంది. నిండు బరువుతో, పూర్తి పిడితో ఎన్ని చుట్లు తిరగవలెనో ప్రతి యంత్రపు పుస్తకములోనూ ఉంటుంది. అంతకు తక్కువ తిరిగితే పిచ్ ఎక్కువైనది. యంత్రము ఎద్దు మోకాళ్ళమీద పడినట్లు మూలుగుతూ, వేడెక్కుతూ, ఇంధనము తింటూ పనిచేస్తుంది. ‘బలము చాలలేదు’ అని మనము కొత్త యంత్రమునకు పరుగెత్తేది సరిగా ఈ స్థితిలోనే. పిచ్ తక్కువ ఉన్న మరొక ప్రొపెల్లరుకు అయ్యే ఖర్చు కొత్త యంత్రపు ధరలో చిన్న భాగము.

మోటారును తగిలించే ఎత్తు కూడా ఇంతే ముఖ్యము. ప్రొపెల్లరుకు పైన ఉండే అడ్డ పలక పడవ అడుగు మట్టానికి గాని, ఒక అంగుళము క్రిందికి గాని ఉండవలె. ఎత్తులో ఉంటే ప్రొపెల్లరు గాలిని పీల్చి ఉత్తగా తిరుగుతుంది. లోతుగా ఉంటే కాలు నీటిని ఈడుస్తుంది. మోటారు కాళ్ళు మామూలుగా 15 అంగుళాలు, 20 అంగుళాలు అని రెండు పొడవులలో వస్తాయి. అమరపు పలక ఎత్తు కొలవకుండా మోటారు కొన్నవాడు చెప్పు కొలత చూడకుండా కొన్నవాని వంటివాడు.

మన నీటిమీద పుస్తకము

ఇక లోపాలు. ఈ పుస్తకము ముఖ్యముగా సముద్రమును చూసి వ్రాసినది. కృష్ణ వెనుకజలాల ఒడ్డున చదివితే నాలుగుచోట్ల కాలు తడబడుతుంది.

మొదటిది పడవ రూపము. మన నదులలో తరతరాలుగా ఉన్నది గుండ్రని పుట్టి. దానికి మోటారు పనికిరాదు. అణియము, అమరము లేని గుండ్రని అడుగుకు దిశ నిలుపుకొనే గుణము లేదు, వెనుక నుండి నెడితే ముందుకు పోవడమునకు బదులు తిరుగుతుంది. మూసీ జలాశయములోను, చెరువులలోను తెడ్డు, తెప్ప చాలును. గుర్రపుడెక్క పెరిగిన నీటిలో మోటారు పెట్టడము ప్రొపెల్లరుకు గడ్డి చుట్టడమే. అనగా ఈ మూడు పట్టణాల చుట్టూ మోటారు ప్రశ్న నిజముగా తలెత్తేది సాగరము, పులిచింతల అనే రెండు పెద్ద జలాలమీదనే. ‘యంత్రము అసలు ఎక్కడ వద్దు’ అనే అధ్యాయము మనకు మొదట కావలె.

రెండవది నీటి అడుగు. సాగరము నిండు మట్టము 590 అడుగులు. కాలువలకు నీరందే కనిష్ఠ మట్టము 510 అడుగులు. ఈ 80 అడుగుల తేడాలో ఒడ్డు రేఖ ప్రతి ఏడూ మారిపోతుంది. ఇక్ష్వాకుల విజయపురి ఉన్న లోయ ఈ నీటి అడుగున ఉన్నది. పులిచింతల క్రింద మునిగిన ఊళ్ళు ఇంకా నిన్నటివి. 2021 ఆగస్టు 5న పులిచింతల గేటు ఒకటి కొట్టుకుపోయినప్పుడు, మరమ్మతు కోసము జలాశయమును చాలావరకు ఖాళీ చేయవలసి వచ్చింది. మట్టము తగ్గిన రోజులలో నిన్న లోతుగా ఉన్నచోట ఇవాళ చెట్టు మోడు, కూలిన గోడ ప్రొపెల్లరుకు అందుతుంది. చిన్న మోటారులలో ఇటువంటి దెబ్బకు తాను తెగి గేర్లను కాపాడే చిన్న పిన్ను ఉంటుంది. దాని స్థానములో మేకు కొట్టి నడిపేవాడు పది రూపాయల పిన్నును కాపాడి గేరు పెట్టెను బలి ఇస్తాడు. బలము పెరిగేకొద్దీ దెబ్బ కూడా పెరుగుతుంది.

మూడవది బరువు. 10 గుఱ్ఱపు బలపు నాలుగు స్ట్రోకుల మోటారు 40 కిలోల చుట్టూ ఉంటుంది. 40 గుఱ్ఱాలది రకమును బట్టి 70 నుండి 100 కిలోలు. ఒక మనిషి ఎప్పుడూ దిగకుండా అమరముమీదనే కూర్చున్నట్లు. అమరము క్రుంగితే వెనుక అల లోపలికి వస్తుంది. అమరపు పలక కొత్త బలమును తట్టుకొనేటట్లు కట్టినది కాకపోతే సందులు విడుతుంది. యంత్రము మార్చడమంటే పడవను మార్చడమే. ఖర్చు మిగలడము వేరు, ప్రాణము మిగలడము వేరు. మన వేటగాళ్ళలో తేలుడు చొక్కా తొడిగేవారు ఎందరు? పెద్ద మోటారుకు డబ్బు కూర్చినవారు మొదట దానికి కూర్చవలె.

నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది, జాలరి మనసు. మెల్లగా పొమ్మని పుస్తకము చెబుతుంది. జాలరి ఎందుకు మెల్లగా పోడు? మూర్ఖత్వము వలన కాదు. రవ్వ, బొచ్చె తెల్లవారేసరికి మిర్యాలగూడ అంగడికో, కోదాడ అంగడికో చేరవలె. ఎండ ఎక్కితే ధర దిగుతుంది. సుమారు 285 చదరపు కిలోమీటర్లు పరచుకొన్న సాగరముమీద ఎండకాలపు సాయంత్రము గాలిదుమారము లేచినప్పుడు ఒడ్డు చేరడానికి చేతిలో కొంత మిగులు బలము ఉండవలె. సాగరము వెనుకజలాల ఒడ్డున ‘వైజాగ్ కాలనీ’ అనే పల్లె ఉన్నది. విశాఖ వైపు నుండి వచ్చి స్థిరపడిన జాలరుల వలన దానికి ఆ పేరు. సముద్రమును ఎరిగినవారు మిగులు బలమును ఎందుకు కోరుకొంటారో ఎరుగుదురు. కావున జాలరికి చెప్పవలసినది ‘చిన్న యంత్రము కొను’ అని మాత్రమే కాదు. ‘బలము ఆపదకు దాచుకో, రోజూ ఖర్చు పెట్టకు’ అని. గాలికి పూర్తి పిడి, మామూలు రోజున ముప్పాతిక పిడి. మంచు పెట్టె ఒకటి ఉంటే చేపకూ తొందర తగ్గుతుంది. అయిదు గుఱ్ఱాల కంటె ఒక మంచు పెట్టె అంగడి ధరను బాగా కాపాడవచ్చును.

నీటిపై లేచి జారుతూ పోయే తేలికైన చదును అడుగు పడవలను, 10 నాట్లు అనే హద్దు వలన, పుస్తకము ప్రక్కన పెట్టింది. ఖాళీగా ఉన్నప్పుడు అటువంటి ఫైబరు పడవ పెద్ద మోటారుతో నిజముగానే ఎగిరిపడుతూ పోతుంది. మన యువకుల కంటికి ఆనుతున్నది ఆ దృశ్యమే. అదే పడవ 300 కిలోల బరువు ఎక్కగానే మళ్ళీ నీటిలో కూర్చుంటుందని, అప్పుడు పెద్ద మోటారు మోసము చేస్తుందని చెప్పే నాలుగు పుటలు ఉంటే బాగుండేది.

లోపము మనది కూడా

పుస్తకమును విమర్శించి ఊరుకొంటే న్యాయము కాదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో వ్యక్తులకు సహాయము సాధారణ వర్గాలకు నూటికి 40 పాళ్ళు, మహిళలకూ షెడ్యూల్డు కులాలు, తెగలవారికీ 60 పాళ్ళు. మంచిదే. కాని సబ్సిడీ ఏ పథకములోనిదైనా కొనుగోలు రోజున ఒకసారి వస్తుంది. పెట్రోలు ఖర్చు ప్రతి తెల్లవారుజామునా వస్తుంది. రోజుకు రెండు గంటలు, ఏడాదికి 200 రోజులు, గంటకు 6.75 లీటర్లు త్రాగే 15 గుఱ్ఱపు బలపు పాత రకపు యంత్రము 2,700 లీటర్లు కోరుతుంది. లీటరు నూరు రూపాయలనుకొన్నా 2,70,000 రూపాయలు. అదే నాలుగు స్ట్రోకుల 10 గుఱ్ఱాల యంత్రము గంటకు సుమారు 3.3 లీటర్లతో, 1,32,000 రూపాయలతో సరిపెడుతుంది. సహాయము ఇచ్చేటప్పుడు గుఱ్ఱాలను లెక్కపెట్టడము కాక, కిలోమీటరుకు ఎంత త్రాగుతుందో అడగవలె. రెండు స్ట్రోకుల యంత్రమునకు బదులు నాలుగు స్ట్రోకులది పెట్టడమే అన్నింటికంటె అర్థవంతమైన మార్పు. పాత రకములో ఇంధనములో నాలుగవ వంతు వరకు కాలకుండానే బయటికి పోయి, నూనెతో కలిసి మన నీటిలోనే చేరుతుంది. ఆ నీటినే కాలువల ద్వారా మన ఊళ్ళు త్రాగుతున్నాయి.

తక్కువ బలముతో ఎంత పని చేయవచ్చునో చూడదలచినవారు కేరళలోని వైకోము వైపు చూడవచ్చును. అక్కడ 2017 జనవరిలో ప్రారంభమైన ‘ఆదిత్య’ అనే సౌరశక్తి పడవ 75 మంది ప్రయాణికులను సూర్యరశ్మితో దాటించింది. దాని రహస్యము బలము కాదు. సన్నని జంట అడుగు, మితమైన వేగము.

ఎవరైనా చేయదగిన పరీక్ష

ఈ మాటలను నమ్మవలసిన అవసరము లేదు. పరీక్షించవచ్చును. గాలి లేని ఉదయము ఒడ్డున రెండు గుర్తులు చూసుకోండి. నడుమ కనీసము నాలుగు కిలోమీటర్లు ఉండవలె. మామూలు బరువు ఎక్కించి, ట్యాంకు నిండా పోసి, పూర్తి పిడితో పోయి రండి. కాలము వ్రాసుకోండి. మోటారు ఆపి, చల్లారనిచ్చి, దగ్గర బీడీ, పొయ్యి లేకుండా చూసి, కొలజాడీతో మళ్ళీ నిండా పోస్తే ఖర్చు తెలుస్తుంది. తరువాత ముప్పాతిక పిడితో అదే దూరము పోయి రండి. పోయి రావడము ఎందుకంటే, ప్రవాహపు ప్రభావము చాలావరకు సర్దుకొంటుంది. రెండు అంకెలు ఒకదాని ప్రక్కన ఒకటి వ్రాసుకొన్న జాలరికి ఈ వ్యాసముతో పని లేదు.

మొత్తముమీద గుల్‌బ్రాన్‌సెన్ కరదీపిక మత్స్యశాఖ ఉద్యోగి బల్లమీద, సాంకేతిక విద్యాలయపు గ్రంథాలయములో ఉండదగిన పుస్తకము. దాని లోపాలు దూరపు లోపాలు. సముద్రము నుండి సాగరము ఎంత దూరమో అంత. ఆ దూరమును పూరించవలసినది మనము. పుట్టి ఎక్కడ, మోటారు ఎక్కడ, ఏ పొడవు పడవకు ఏ ప్రొపెల్లరు, ఏ నెలలో ఏ మట్టములో మోళ్ళు పైకి వస్తాయి – ఇవి చెప్పే 30 పుటల తెలుగు పుస్తకము, జాలరి మాటలలో, కృష్ణ నీటిమీద కొలిచిన అంకెలతో రావలె. అది వచ్చిన రోజున ఒడ్డుమీది పిల్లవాడు ‘పదిహేను పెడితే ఎట్లుంటది’ అని అడగడు. ‘ఈ పడవకు ఎంత చాలు కాకా?’ అని అడుగుతాడు. శాస్త్రము నేర్పవలసిన ప్రశ్న అదే.